రోహిణిని స్తుతించి నోరు మూయించడం ఏ ధర్మం?

సరోగసీ ప్రస్తావన వచ్చినప్పుడు ధార్మిక గోష్ఠులలో రెండు వాదాలు వినిపిస్తాయి. పరుల బిడ్డను తన గర్భంలో మోయడమే అధర్మమని మొదటి వాదం. ఇది స్పష్టంగా ఉంటుంది, దీనికి ప్రత్యుత్తరమూ స్పష్టంగానే చెప్పవచ్చు. రెండవది మహా మధురమైనది. దేవకీదేవి సప్తమగర్భాన్ని యోగమాయ రోహిణీదేవి ఉదరానికి చేర్చలేదా, బలరాముడు ఆవిర్భవించలేదా, ఇది సనాతనమే కదా అని అది ఆ స్త్రీని ఆకాశానికెత్తుతుంది. అంతలోనే స్వరం తగ్గించి, "అయితే అమ్మా, ఈ సంగతి బయట ఎవరికీ చెప్పకు" అని ఉపదేశిస్తుంది. విమర్శకు పాత్రమైనది ఈ రెండవ వాదమే. స్తుతి వెనుక దాగిన ఈ నిషేధానికి శాస్త్రప్రమాణం లేదు, అనుభవప్రమాణమూ లేదు.

ముందు ఆ దృష్టాంతాన్నే పరిశీలించాలి. భాగవత దశమస్కంధంలో గర్భసంకర్షణం గోప్యంగా జరిగిన మాట నిజం. మథురలో జనం దేవకికి గర్భస్రావమైందనుకొని దుఃఖించారు. ఆ గోప్యానికి హేతువు కంసుడు. పుట్టిన ప్రతి శిశువునూ నేలకు మోది చంపే రాజు గుమ్మంలో ఉన్నప్పుడు ప్రాణరక్షణ కోసం రహస్యం పాటించడం ఆపద్ధర్మం. ఆత్మకూరులో కంసుడెవరు? ఎదురింటి వరండాలో కూర్చున్న పెద్దమ్మ నోటికి జడిసి దానిని ఆపద్ధర్మంగా చెలామణీ చేయడం ఆ పదానికే అపచారం. పైగా భగవానుడు యోగమాయకు ఆజ్ఞ ఇచ్చేటప్పుడే, గర్భాన్ని ఆకర్షించి తీసుకొనిపోయినందువల్ల ఈ బాలుణ్ణి లోకం సంకర్షణుడని పిలుస్తుందని చెబుతాడు. అంటే ఆ బిడ్డ ఎక్కడి నుండి ఎక్కడికి చేరాడో ఆ నామధేయమే చాటుతున్నది. ఎవరూ ఎప్పటికీ తెలుసుకోకూడని విషయాన్ని పేరుగా పెట్టేవారుంటారా? (రోహిణి వసుదేవునికి ధర్మపత్నియే గనుక నేటి సరోగసీతో ఈ కథకు పోలిక పూర్తిగా కుదరదన్నది వేరే సంగతి. కుదిరినంతవరకైనా పూర్తిగా చెప్పాలి కదా!)

కుమారస్వామి కథ ఇంకా స్పష్టమైనది. శివతేజస్సును అగ్ని మోశాడు, గంగ మోసింది, శరవణం మోసింది, కృత్తికలు స్తన్యమిచ్చారు. ఆ తరువాత పార్వతీదేవి ఒడికి చేరిన ఆ బాలుడు ఎవరి ఋణాన్నీ మరుగుపరచలేదు. అగ్నిభువు, గాంగేయుడు, శరవణభవుడు, కార్తికేయుడు, పార్వతీనందనుడు: మోసినవారందరూ ఆయన నామావళిలో కొలువుతీరి ఉన్నారు. ప్రతి షష్ఠినాడు ఈ నామాలను భక్తితో ఉచ్చరించే నాలుకే, తన ఇంటి ఆడపడుచు మరొక దంపతుల బిడ్డను మోస్తున్నదని చెప్పడానికి సిగ్గుతో ముడుచుకుపోతే, ఆ పారాయణం ఏ పాటిదో ఆలోచించవలసి ఉంటుంది.

ఉదయగిరి దుర్గం నీడలోని మెట్టపల్లెలలో, సోమశిల జలాలు అందీ అందని ఆత్మకూరు సీమలో, గర్భం రహస్యంగా ఉండదు. వీధిలో ముగ్గురికి తెలియకముందే ఆశా కార్యకర్తకు తెలుస్తుంది. అంగన్‌వాడీలో పేరు చేరుతుంది, ఆరోగ్య ఉపకేంద్రంలో కార్డు రాస్తారు. అందువల్ల రహస్యం కావాలంటే ఊరు విడవాలి. వానలు తక్కువైన ఏడాది చెన్నైకో బెంగళూరుకో పనికి పోవడం ఈ ప్రాంతంలో మామూలే గనుక ఆ అబద్ధం సులభంగా అతుకుతుంది. ఉదయగిరికి నెల్లూరు సుమారు నూరు కిలోమీటర్లు, ఆత్మకూరుకు అందులో సగం. ఆ దూరంలో ఒక గదిలో తొమ్మిది మాసాలు, భర్త తప్ప మరెవరికీ తెలియకుండా, అమ్మతో ఫోన్‌లో "పని బాగానే ఉంది" అని చెబుతూ గడిపే స్త్రీని ఊహించుకోవచ్చు. ఆమె చేస్తున్నది దానమని పొగిడేవారు ఆమెను ఉంచిన స్థితికి ఏం పేరు పెడతారు? దాత తలెత్తుకొని తిరుగుతాడు. దొంగ ఊరు విడిచి పోతాడు.

"గుప్తదానం శ్రేష్ఠం కదా" అని ఇక్కడ ఒక ప్రత్యుత్తరం సిద్ధంగా ఉంటుంది. గుప్తదానం అంటే దాత తన అహంకారాన్ని అణచుకోవడానికి స్వచ్ఛందంగా స్వీకరించే నియమం. పుచ్చుకొన్నవారి పరువు కోసం ఇచ్చినవారిపై మోపే నిర్బంధానికి ఆ పేరు చెల్లదు. ఆమె చెప్పదలచుకోకపోతే ఆ మౌనం ఆమె అధికారం, దానిని ఎవరూ ప్రశ్నించరాదు. చెప్పదలచుకొన్న నోటిని మూయించి ఆ మూతకు వ్రతమని పేరుపెట్టడమే దోషం.

సంప్రదాయం ఒక బిడ్డను ఒక గృహం నుండి మరొక గృహానికి అప్పగించే విధానాన్ని వివరించకుండా వదలలేదు. వసిష్ఠ ధర్మసూత్రంలోని దత్తస్వీకార ప్రకరణం చూడాలి. బిడ్డను స్వీకరించదలచినవాడు బంధువులను పిలవాలి, రాజుకు నివేదించాలి, ఇంటి నడుమ వ్యాహృతులతో హోమం చేయాలి, ఆ తరువాతే స్వీకరించాలి. బంధువులు, రాజు, అగ్ని: మూడు సాక్ష్యాలు. ప్రాచీనులకు లోకుల నోరు తెలియక కాదు ఈ విధి. బిడ్డ విషయంలో చాటుమాటు వ్యవహారం ఎక్కడికి దారితీస్తుందో తెలిసే వారు దానిని నట్టింటికి తెచ్చారు. సరోగసీ దత్తత కాదు, నిజమే. పుట్టిన బిడ్డ సంకల్పించిన దంపతుల సంతానమేనని 2021 నాటి సరోగసీ నియంత్రణ చట్టమే ప్రకటిస్తున్నది, దత్తహోమంతో పని లేదు. కాని బిడ్డ చేతులు మారే క్షణం వెలుగులో ఉండాలన్న సూత్రానికి భేదమేముంది?

వెలుగు లేనిచోట ఏం జరుగుతుందో తెలుగునాట కనిపించనే కనిపించింది. 2017లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక ఆసుపత్రిలో అధికారులు తనిఖీ చేసినప్పుడు నలభైకి పైగా గర్భిణులు ఒకే భవనంలో నెలల తరబడి నివసిస్తున్నట్లు బయటపడింది. ప్రతి ఒక్కరికీ ఎక్కడో ఒక ఊరు ఉంటుంది, ఆ ఊరిలో ఒక అమ్మో అక్కో ఉంటారు. 2025 జులైలో సికింద్రాబాద్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రంపై నమోదైన కేసు ఇంకా ఘోరమైనది. సరోగసీ శిశువని చెప్పి దంపతుల చేతిలో పెట్టిన బిడ్డకు వారితో రక్తసంబంధమే లేదని డి.ఎన్.ఏ. పరీక్షలో తేలిందన్నది అందులోని ఫిర్యాదు. మోసిన తల్లి ఎవరో, అసలు మోసిన తల్లి ఉన్నదో లేదో, ఎవరూ అడగరాదన్న మర్యాదను పాటించినంతకాలం దళారికి ఇంతకన్న అనుకూలమైన వాతావరణం ఉండదు. కుటుంబగౌరవం కోసమని పాటించే మౌనం చివరకు ఎవరికి కాపలా కాస్తున్నదో గౌరవనీయులు గమనించాలి.

చట్టం ఈ విషయంలో ఆచారపరుల కన్న నిక్కచ్చిగా ఉన్నది. 2022 జనవరి 25న అమలులోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం గర్భం మోసే స్త్రీ వివాహిత అయి ఉండాలి, తన బిడ్డ ఒకరైనా ఉండాలి, వయస్సు 25 నుండి 35 సంవత్సరాల మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే మోయాలి, తన అండాన్ని ఇవ్వరాదు. వైద్యవ్యయం, 36 మాసాల బీమా వంటివి మినహా ప్రతిఫలం పుచ్చుకోరాదు. వాణిజ్య సరోగసీ నడిపేవారికి పది సంవత్సరాల వరకు కారాగారం, పది లక్షల రూపాయల వరకు జరిమానా. తెలిసిన దుష్ఫలితాలన్నీ ఆమెకు వివరించి, ఆమెకు అర్థమయ్యే భాషలో లిఖితపూర్వకమైన సమ్మతి తీసుకోవాలి. పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టేలోపు ఆ సమ్మతిని వెనక్కు తీసుకొనే హక్కు కూడా ఆమెదే. ఈ చివరి మాట వద్ద ఆగాలి. తల్లితో, అక్కతో, రెండు కాన్పులు చూసిన స్నేహితురాలితో ఒక్క మాట అనుకోకుండా ఇచ్చిన సమ్మతిలో వివేకమెంత, ఒత్తిడి ఎంత? వెనక్కు తీసుకోవాలనిపిస్తే ఎవరి భుజంపై చేయి వేసి లేస్తుంది? దళారి, వైద్యుడు, బిడ్డను కోరే బంధువు మాత్రమే చుట్టూ ఉన్న గదిలో పెట్టిన సంతకాన్ని సంకల్పమని అనడం సంకల్పానికి అవమానం. సంకల్పం చెప్పేటప్పుడు దేశమూ కాలమూ గోత్రమూ ఉచ్చరిస్తారు. తానెవరో, ఎక్కడ ఉన్నదో, ఎవరి మధ్య ఉన్నదో తెలిసి చేసేదే సంకల్పం.

ఇదే కారణం చేత "అద్దె గర్భం" అన్న మాటను భక్తులైనా విడిచిపెట్టాలి. ప్రతిఫలాన్ని చట్టమే నిషేధించిన తరువాత అద్దె ఎక్కడిది? చాటుగా సొమ్ము చేతులు మారుతున్నదంటే అది నేరం, దానికి నేరమనే పేరున్నది. మనుస్మృతి నవమాధ్యాయంలోని బీజక్షేత్ర విచారాన్ని ఉటంకించి ఈమెను క్షేత్రంగా, బిడ్డను పంటగా నిరూపించే పండితులూ ఉన్నారు. ఆ విచారం పూర్వకాలపు సంతానవివాదాలకు సంబంధించినది. అందులోనైనా ముందు ఒడంబడిక ఉన్నచోట బీజికీ క్షేత్రికునికీ ఇద్దరికీ భాగం చెప్పబడింది. ఇంకొక సంగతి: పొలం ఎవరితోనూ మాట్లాడదు. స్త్రీని పొలంతో పోల్చిన ఉపమానం నుండి స్త్రీ పొలంలా మాట్లాడకుండా ఉండాలన్న విధిని పుట్టించడం ఉపమానాన్ని శాస్త్రంగా భ్రమించడమే.

సత్యం విషయంలో ఇతిహాసోపనిషత్తులు ఇద్దరు తల్లులను పక్కపక్కన నిలిపి చూపుతాయి. ఛాందోగ్యంలో జబాల ఒకతె. గోత్రమేమిటని కొడుకు అడిగితే, యౌవనంలో పలుచోట్ల పరిచర్య చేస్తూ నిన్ను కన్నాను, నీ గోత్రం నాకు తెలియదని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ బాలుడు అదే మాటను గౌతముని సన్నిధిలో చెప్పాడు. ఆ సత్యమే అతనికి ఉపనయనార్హత అయింది. మహాభారతంలో కుంతి మరొకతె. లోకభీతితో కర్ణుని జన్మను దాచింది. ఆ రహస్యానికి ఒక జీవితకాలపు అవమానం, ఒక భ్రాతృహత్య మూల్యమయ్యాయి. యుద్ధం ముగిసి తిలోదకాలిచ్చే వేళ ఆమె నోరు విప్పింది. అప్పుడు ధర్మరాజు ఇకపై స్త్రీల మనస్సులో రహస్యం నిలువకుండు గాక అని శపించాడంటారు. ఆడవారి నోట నువ్వుగింజ నానదన్న వెక్కిరింపును ఆ శాపానికి ముడిపెట్టి నవ్వేవారికి, దాచిన మాట వల్ల కురుక్షేత్రంలో ఏం జరిగిందో గుర్తుండదు. ఆ స్త్రీపర్వాన్ని, శాంతిపర్వాన్ని తెనిగించిన తిక్కన సోమయాజి పెన్నాతీరపు నెల్లూరువాడు. ఆ జిల్లావారికి ఈ కథ వేరెవరో వచ్చి చెప్పవలసిన అవసరం లేదు.

అయితే ఎవరికి చెప్పాలి? చట్టం ప్రకారం ఆమెకు అప్పటికే బిడ్డ ఉండి తీరాలి కదా. ఆ బిడ్డే మొదటి శ్రోత. నాలుగైదేళ్ల పసివాడు అమ్మ కడుపు పెరగడం చూస్తాడు, చెయ్యి పెట్టి కదలికను తెలుసుకొంటాడు, తమ్ముడో చెల్లెలో వస్తుందని వీధిలో చాటుతాడు. అమ్మ ఆసుపత్రి నుండి ఉత్త చేతులతో వస్తుంది. బిడ్డ చనిపోయిందని చెబితే వాడు లేని మరణానికి ఏడుస్తాడు. ఏమీ చెప్పకపోతే ఇంకా భయంకరం: ఈ ఇంట్లో పుట్టినవారిని ఇచ్చేస్తారు, రేపు తన వంతు అనుకొంటాడు. దీనికి పెద్ద వేదాంతం అక్కరలేదు. "నాయనా, ఈ పాప మన పాప కాదు. ఆ అత్తకు కడుపులో బిడ్డ నిలబడదు, అందుకని నా కడుపులో పెట్టి పెంచతా ఉండాం. పుట్టినాక వాళ్లింటికి పోతాది. నువ్వు మాత్రం నా బిడ్డవే, ఎక్కడికీ పోవు" అని మొదటి మాసాలలోనే, కడుపు కనబడకముందే, ఒకటికి నాలుగుసార్లు చెబితే చాలు. ఈ నాలుగు వాక్యాలు చెప్పడానికి వెనుకాడే పెద్దలు బలరామ జననాన్ని అదే పసివానికి కథగా చెప్పడానికి వెనుకాడరు!

రెండవ శ్రోత ఆమె తల్లి, తల్లి లేకపోతే అత్తయో అక్కయో. దీనికి కారణం కేవలం భావుకత కాదు. ప్రసవించిన స్త్రీ పచ్చి బాలింత. బిడ్డ ఎవరిదైనా దేహానికి తెలియదు. మూడవ నాటికో నాలుగవ నాటికో స్తన్యం పొంగుతుంది. తాగే నోరు లేదు, బిగిసి జ్వరం వచ్చే ప్రమాదమున్నది. రక్తస్రావం వారాల తరబడి ఉంటుంది. శస్త్రచికిత్స జరిగి ఉంటే కుట్టు మానాలి. తెలుగింట బాలింతకు పత్యం పెడతారు, కాయం చేసి పెడతారు, వేడినీళ్లు పోస్తారు, చలిగాలికి తిప్పరు, బరువు ఎత్తనీయరు. ఇదంతా చేయడానికి ఆమె బాలింత అని ఇంట్లో తెలియాలి. రహస్యంగా కన్న స్త్రీ పదిరోజులలో ఊరికి తిరిగి వచ్చి, చెన్నైలో పని మానేసి వచ్చానని చెప్పి, బిందె ఎత్తాలి. గోప్యాన్ని ఉపదేశించే గురుజనులు ఆ బిందె ఎత్తడానికి వస్తారా?

ఆత్మజ్ఞానం పేరిట ఆమె దుఃఖాన్ని కొట్టిపారేసేవారూ ఉన్నారు. "దేహం నీవు కాదు, ఆ బిడ్డ నీది కాదు, మమకారం విడువు" అంటారు. మమకార త్యాగం మహత్తరమైనదే. అది సాధకుడు తనకు తాను చేసుకొనే బోధ. బాలింతకు పక్కవారు చేస్తే కాఠిన్యం. శిశువు కణాలు కొన్ని మోసిన తల్లి దేహంలో దశాబ్దాల పాటు నిలిచి ఉండగలవని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అండం తనది కాకపోయినా నవమాసాల బంధం ఒక సంతకంతో మాయమయ్యేది కాదు. ఏడవాలనిపిస్తే ఏడవడానికి ఒక స్నేహితురాలి గడప ఉండాలి. ఆ గడప ముందే తెరిచి ఉంచుకోవాలంటే ముందే చెప్పాలి.

ఈ సందర్భంలో ఉదయగిరి భక్తులకు ఆత్మీయమైన ఒక విగ్రహం స్మరణీయం. గజపతుల నుండి ఉదయగిరిని జయించిన శ్రీకృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణ మూర్తిని విజయనగరానికి తరలించి, 1515లో హంపిలోని కృష్ణాలయంలో ప్రతిష్ఠించాడు. ఇప్పుడు ఆ మూర్తి చెన్నైలోని ప్రభుత్వ ప్రదర్శనశాలలో ఉన్నది. ఉదయగిరి నుండి వచ్చిన కృష్ణుడని రాయలు దాచలేదు, శాసనంలో చెక్కించాడు. దేవకీనందనుడని, యశోదానందనుడని రెండు పేర్లతోనూ పలికే స్వామికి రెండు ఊళ్లు ఉండడం వల్ల ఏ ఊరి భక్తికీ లోపం రాలేదు.

చివరి ఆక్షేపం ఒకటి గంభీరమైనది. బిడ్డను పొందిన దంపతుల గోప్యత మాటేమిటి? వారి సంతానలేమి వారి వ్యథ, దానిని బజారున పెట్టే అధికారం ఈమెకు లేదు. ఇది అక్షరాలా నిజం. అప్రియమైన సత్యాన్ని పలకరాదన్న స్మృతివాక్యం ఇక్కడ సార్థకమే. కాని అదే వాక్యం ప్రియమైన అసత్యాన్నీ పలకరాదంటుంది. ఆ ఉత్తరార్ధాన్ని మింగేయడం పరిపాటి అయింది. ఆమె తన కథ చెప్పవచ్చు, వారి పేరు చెప్పనవసరం లేదు. "ఒక దంపతుల బిడ్డను మోస్తున్నాను" అన్న మాటలో ఎవరి గుట్టూ లేదు. బంధువుల కోసమే మోస్తుంటే దాగేది కాదు గనుక, ఎవరెవరికి ఏ మాట చెప్పాలో పిండప్రవేశానికి ముందే రెండు కుటుంబాలు ఒకచోట కూర్చొని నిర్ణయించుకోవాలి. వసిష్ఠుడు బంధువులను పిలవమన్నది ఇందుకే.

లోకులు నవ్వరా అంటే నవ్వుతారు. ఆడపిల్ల సంబంధాల వేళ ఈ మాట తీస్తారు. ఆ భయం వట్టిది కాదు, దానిని తేలికచేసి మాట్లాడేవారు పల్లెలో కాపురం ఉన్నవారు కారు. అయినా ఈ మెట్టసీమ స్త్రీలకు ఇంటిగుట్టు అన్న మాట బరువు తెలిసినట్టే, దానిని దించే విధమూ తెలుసు. ఇదే జిల్లా దూబగుంటలో 1990ల ఆరంభాన అక్షరాలు దిద్దుకొన్న ఆడవారు, తాగివచ్చి కొట్టే మగవాని సంగతి ఇంటిగుట్టు కాదని ఒకరితో ఒకరు చెప్పుకొన్నారు. ఆ మాట రచ్చబండకెక్కి రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. అప్పుడూ "కాపురం సంగతి బయట పెడతారా" అని ఆక్షేపించిన పెద్దలున్నారు.

మిగిలినది పురుడు ప్రశ్న. ప్రసవం జరిగినందున ఆ ఇంట జాతాశౌచం ఉందా, సంకల్పించిన దంపతుల ఇంట ఉందా, సీమంతం ఎవరికి చేయాలి అని అడుగుతారు. సీమంతం గర్భానికి చేసే సంస్కారమా, స్త్రీకి ఒక్కసారి చేసే సంస్కారమా అన్నదానిపై నిబంధకారులలోనే మతభేదం ఉన్నది. స్త్రీ సంస్కారమన్న పక్షంలో ఇదివరకే కన్న ఈమెకు మళ్లీ అవసరం లేదు. జాతాశౌచం గోత్రసంబంధాన్ని అనుసరించేది గనుక జ్ఞాతులకు పట్టేది దంపతుల ఇంటనే. ప్రసవించిన స్త్రీకి మాత్రం దేహాన్ని బట్టి వచ్చే సూతికానియమం, విశ్రాంతి తప్పనివి. స్థానిక పురోహితుడు ఇంతకన్న భిన్నంగా చెప్పవచ్చు, చెప్పనివ్వండి. అయితే ఆయనను అడగడానికైనా, పుట్టిన సంగతి ముందు ఆయనకు చెప్పాలి.